ఎవరూ ఇల్లు కట్టని చదును

కుసకబె మాస్టారి భూగోళం క్లాసులో నిద్రపోవడం అంత తేలిక కాదు. కునుకు తీసిన వాళ్ళని పిలిచి బోర్డు మీద కొండ గీయించేవారు. గీతకీ గీతకీ మధ్య ఎడం సరిగ్గా కుదరకపోతే చెరిపి మళ్ళీ గీయమనేవారు. హైస్కూల్లో రెండో ఏడు నేను అలా నాలుగు కొండలు గీశాను. ఎత్తుపల్లాలు చూపే ఆ కాంటూరు గీతలు నాకు వచ్చింది చదువు మీద ప్రేమతో కాదు, కునికిపాట్ల పుణ్యమే.

ఆ ఏడు జూన్ మొదట్లో, వానలు పట్టక ముందు, ఆయన తలా ఒక మ్యాపు పంచారు. ఎవరి ఊరిది వాళ్ళకి. గీతల మధ్య రంగులు వెయ్యాలి. అడుగున పచ్చ, దాని పైన పసుపు, ఇంకా పైన గోధుమ రంగు. అది భౌతిక భూగోళం. తర్వాత ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి, ఏ ఇల్లు ఎన్నేళ్ళ కిందటిదో, అందులో వాళ్ళు ఏం పని చేస్తారో, రోజూ ఎక్కడికి వెళ్ళి వస్తారో కనుక్కుని అదే కాగితం మీద గుర్తులు పెట్టాలి. అది మానవ భూగోళం.

"ఉన్నవాటిని ఎవరైనా గుర్తు పెడతారు. మీరు లేనివాటిని చూడండి," అన్నారు మాస్టారు. "మనవి కొండల మధ్య ఊళ్ళు. చాప వేసుకునేంత చదును దొరికినా వదిలిపెట్టం. అలాంటిది ఎక్కడైనా చదునైన నేల ఊరికే పడి ఉందంటే, ఎందుకు పడి ఉందో అడగండి."

ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకోకపోతే బాగుండేదేమోనని తర్వాత చాలా ఏళ్ళు అనుకున్నాను.

మా ఊరు అజుసావాలో ముప్ఫై ఒక్క ఇళ్ళు. మా ఇంట్లో నలుగురం, పొట్టి బల్ల ఒకటి. నేను దానికి ఒక చివర కూర్చుని రంగులు వేస్తుంటే, రెండో చివర అమ్మ ఉమె కాయలకి పుల్లతో ముచికలు తీస్తోంది. వానాకాలం మొదట్లో ఆ పుల్లటి కాయల్ని ఉప్పులో ఊరవేసి, నడుమ రంగుకి ఎర్రాకు కలిపి, వానలు వెళ్ళాక మూడు రోజులు ఎండబెట్టి ఎత్తిపెట్టడం మా ఇళ్ళల్లో ఏటా ఉండే పని. జాడీలో బూజు పడితే ఆ ఏడు ఇంట్లో ఎవరికో మూడుతుందని అమ్మకి గట్టి నమ్మకం. ఆ జాడీ మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. రోజుకి రెండుసార్లు మూత తీసి తొంగి చూసుకునేది.

మా వాగు కొండ దిగే చోట గీతలు విసనకర్రలా విచ్చుకున్నాయి. పిడి దగ్గర సన్నగా, కిందికి వచ్చేకొద్దీ వెడల్పుగా. వాగు తన వెంట తెచ్చుకున్నదంతా పోసుకుంటూ వస్తేనే నేల ఆ ఆకారానికి వస్తుందని మాస్టారు చెప్పి ఉన్నారు. ఆ పిడి మీద సరిగ్గా ఒక చిన్న నల్లటి చదరం. మా ఊరి హాలు.

ఆ హాలు ఉన్న నేల మా తాతయ్య ఇచ్చింది. కట్టి ఎనిమిదేళ్ళు. 'నెగిషి గెంపచి గారి దానం' అని గుమ్మం పక్కన ఇత్తడి పలక ఉండేది. అమ్మ ఏడాదికోసారి దాన్ని తోమి వచ్చేది. వానలు ముంచుకొస్తే ఊరంతా ఆ హాలుకే చేరాలని టౌనాఫీసు వాళ్ళు బోర్డు కూడా పాతారు. ఆ ఏడు ఊరి సంఘం పెద్ద మా నాన్న. హాలు తాళంచెవి మా వంటింటి గోడ మీద మేకుకి వేలాడేది.

"హాలు కట్టక ముందు అక్కడ ఏముండేది తాతయ్యా?" అని అడిగాను.

"మల్బరీ తోట."

"అంతకు ముందు?"

"అంతకు ముందూ మల్బరీయే. ఏం, మీ మాస్టారు ముల్లంగి వెయ్యమన్నాడా?"

అమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. తాతయ్య మాత్రం నా మ్యాపు వైపు చూస్తూ ఉండిపోయాడు. కాసేపయ్యాక లేచి, ఆ పచ్చ రంగు మరీ ముదురుగా ఉందని వంక పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

వానలు పట్టాయి. గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరిగాను. పాత ఇళ్ళు ఇరవై ఆరూ వాగుకి అటూ ఇటూ ఉన్న మిట్టల మీదే ఉన్నాయి, కొత్తవి ఐదూ వాటి వెనకే. గుడి అన్నిటికన్నా మిట్టన ఉంది. నీళ్ళ కోసం నాలుగు తరాల ఆడవాళ్ళు బిందెలు మోసుకుంటూ ఎక్కారు గానీ, మధ్యలో చదునుగా ఉన్న ఆ నేలలోకి దిగి ఒక్కరూ ఇల్లు కట్టుకోలేదు. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. వాళ్ళ తాతలు కట్టలేదు, వాళ్ళూ కట్టలేదు.

పక్కింటి తోకి పెద్దమ్మకి మాత్రం ఇంకొక సంగతి తెలుసు. ఆవిడకి ఊళ్ళో ఎవరు ఎప్పుడు తుమ్మారో కూడా తెలుసు.

"రోజూ ఎక్కడెక్కడికి వెళ్తారో రాస్తున్నావా? అయితే మీ తాతయ్యది రాసుకో," అంది. "చలికాలమంతా హాల్లో కూర్చుని షోగి ఆడతాడు. జూన్ వచ్చిందా, ఆట బల్ల చంకన పెట్టుకుని గుడి అరుగు మీదకి చేరతాడు. హాల్లో ఉక్కట. కొండ నీడలో, వాగు పక్కన, ఉక్కేమిటే? తను ఇచ్చిన హాల్లో తనే కూర్చోడు. గొప్పవాళ్ళ తీరే వేరు."

నేను నవ్వుతూనే రాసుకున్నాను. నెగిషి గెంపచి: చలికాలం హాలు, వానాకాలం గుడి. ఇంటికి వచ్చి మ్యాపు మీద ఆ గుర్తు పెట్టాక నవ్వు ఆగిపోయింది.

జూన్ ఆఖర్లో మాస్టారికి చూపించాను. తప్పులుంటే ఎర్ర పెన్సిలు తీసే మనిషి ఆ రోజు పెన్సిలు ముట్టుకోలేదు. ఊరి సంఘం పెద్ద ఎవరని అడిగారు. మా నాన్నే అన్నాను. మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కుని, వానాకాలంలో ఆ హాలుకి ఎవరూ వెళ్ళకూడదని, గుడికి వెళ్ళాలని, ఈ సంగతి ఈ వారంలోనే ఊరందరికీ తెలియాలని మెల్లగా చెప్పారు. కావాలంటే తను వచ్చి మాట్లాడతానన్నారు. నేను లేవబోతుంటే ఇంకొక మాట చెప్పారు.

"వాన తగ్గకుండా వాగు చప్పుడు తగ్గిందనుకో, పైన ఏదో అడ్డం పడి నీళ్ళు నిలిచాయన్నమాట. అప్పుడిక ఆలోచించకు తొమోయె. మిట్టకి పరిగెత్తు."

ఆ సాయంత్రం మ్యాపు నాన్న ముందు పరిచాను. నాన్న కలప సంఘంలో గుమాస్తా, కాగితం చూడటం తెలిసిన మనిషి. చాలాసేపు చూశాడు. రంగులు గీత దాటకుండా వేశావని మెచ్చుకున్నాడు. ఊళ్ళో ఏ కబురైనా ఒక అట్టకి బిగించి ఇంటింటికీ తిప్పుతాం. చదివినట్టు గుర్తుగా ఎవరి ముద్ర వాళ్ళు వేసి పక్కింటికి ఇస్తారు. ఈ మ్యాపుని ఆ అట్టలో పెట్టమని అడిగాను.

"పెడితే ముప్ఫై ఇళ్ళ వాళ్ళూ చదువుతారు, ముద్ర వేస్తారు, పక్కింటికి ఇస్తారు," అన్నాడు నాన్న. "ఒక్కళ్ళూ పల్లెత్తు మాట అనరు. నెగిషి ముసలాయన పనికిరాని నేల ఊరికి అంటగట్టి పలక కొట్టించుకున్నాడని మనసులో అనుకుంటారు. రేపట్నించి తాతయ్య వీధిలో ఎలా నడుస్తాడు?"

"నిజంగా కొండ విరిగి పడితే నాన్నా?"

"టౌనాఫీసు ఇంజినీర్లు చూసే బోర్డు పెట్టారమ్మా. ఆగస్టులో పెద్దల పండగ వెళ్ళాక నేనే వెళ్ళి అడుగుతాను. అందాకా ఇది ఇంట్లోనే ఉండనీ."

మడిచి పూజ అరలో పెట్టాడు. మా నాన్న మంచివాడు. మంచితనం కూడా ఒక్కోసారి ఎంత మొండిదో నాకు అప్పుడు తెలియదు.

మర్నాడు నేను గుడికి వెళ్ళాను. తాతయ్య ఒక్కడే అరుగు మీద కూర్చుని రెండు పక్కలా తనే షోగి ఆడుకుంటున్నాడు. చుట్టూ తిప్పకుండా అడిగాను. వానాకాలంలో హాలుకి ఎందుకు వెళ్ళవు? ఆయన చాలాసేపు పావుల్ని సర్దాడు. తర్వాత నా వైపు చూడకుండా చెప్పాడు.

"పునాది తవ్వుతుంటే ఒక రాయి బయటపడింది. దాని మీద అక్షరాలున్నాయి. ఇరవై తొమ్మిది మంది, గొడ్లు పదకొండు, కొండ విరిగి పడి పోయారని. ఎప్పటిదో. మేస్త్రీ చదువు రానివాడు. బోర్లా తిప్పించి, గుమ్మం ముందు వేయించాను."

ఏ రాయో నాకు తెలిసింది. హాల్లోకి వెళ్ళే వాళ్ళమందరం దాని మీద నిలబడే చెప్పులు విడుస్తాం. ఎనిమిదేళ్ళుగా నేనూ విడుస్తున్నాను.

"అంటే నీకు అప్పుడే తెలుసా?"

"నాకు చిన్నప్పట్నించీ తెలుసు. జూన్ వస్తే మా నాయనమ్మ మమ్మల్ని ఆ తోటలో అడుగు పెట్టనిచ్చేది కాదు."

"మరి ఎందుకిచ్చావు?"

"ఆకు కూడా సరిగా రాని నేల. హాలుకి చోటు కావాలని ఊరు ఊరంతా వచ్చి మన వాకిట్లో వంగి దండం పెట్టింది. నా బతుక్కి నాకెవరూ అలా దండం పెట్టలేదు తొమోయె." ఒక పావు తీసి ఇంకో గడిలో పెట్టాడు. "మీ నాన్నకి చెప్పకు. అవసరం వచ్చిన నాడు నేను చూసుకుంటాను."

నేను సరేనన్నాను. తాతయ్యని ఆ రోజు అసహ్యించుకున్నాను, జాలీ పడ్డాను. రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో పదహారేళ్ళకి నాకు అర్థం కాలేదు. ఆ రాయి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

జూలై రెండో వారంలో ఐదు రోజులు తెరిపి లేకుండా కురిసింది. అన్నం గిన్నె మూత కింద కూడా తేమ వాసన. వాగు ఎర్రగా మారింది, రాళ్ళు దొర్లే చప్పుడు ఇంట్లోకి వినిపించేది. ఐదో రోజు స్కూలు మధ్యాహ్నానికే వదిలేశారు. కుసకబె మాస్టారు బస్సు దాకా వచ్చి, గుడికి, అని ఒక్క మాట అన్నారు. నేను తల ఊపాను.

ఇంటికి చేరేసరికి స్తంభం మీద మైకు అరుస్తోంది. అందరూ హాలుకి చేరాలి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ ముందు పంపాలి. ఇంట్లో నాన్న సొరుగులన్నీ కిందపడేసి వెతుకుతున్నాడు. వంటింటి మేకు ఖాళీగా ఉంది. రెండో తాళంచెవి టౌనాఫీసులో ఉంది, బస్సు వెళ్ళాక ఆ రోడ్డు మునిగిపోయింది.

తాతయ్య పొయ్యి గట్టు పక్కన చేతులు చొక్కాలో దూర్చుకుని కూర్చున్నాడు.

"నాన్నా, హాలు తాళంచెవి తీశావా?" అని నాన్న ఆయన్ని అడిగాడు.

"ఏ తాళంచెవి?"

"పొద్దున మేకుకే ఉంది. గుర్తు తెచ్చుకో."

"ఎక్కడో పెట్టాను. ఎక్కడ పెట్టానో మరి." తాతయ్య గొంతు వణికింది. నోరు కొంచెం తెరిచి, ఏమీ తెలియని ముసలివాడిలా చూశాడు. నిన్నటి దాకా నా తప్పుడు లెక్కలు నోటితో దిద్దిన మనిషి. అమ్మ ఆయన్ని లేవదీసి వానకోటు తొడిగింది. చేతులు బయటికి వచ్చాయి. కుడిచేతి వేళ్ళు కణుపుల దాకా ఎర్రగా ఉన్నాయి, ఎర్రాకు కలిపిన నాడు అమ్మ వేళ్ళు ఉన్నట్టే. అమ్మ మూటలు కట్టే హడావిడిలో చూడలేదు. నేను చూశాను.

నాన్న నా వైపు తిరిగాడు. "నువ్వు గానీ చూశావా?"

"లేదు," అన్నాను.

తాళంచెవి దొరక్కపోతే ఎవరూ వెళ్ళరు, అంతే కదా అనుకున్నాను. ముసలాయన బాగా ఆలోచించాడని మనసులో మెచ్చుకున్నాను కూడా. నాన్న వీధిలోకి పరిగెత్తి, ప్రస్తుతానికి అందరూ గుడికి ఎక్కండి అని కేకలేశాడు. హాలు ముందు తడుస్తూ నిలబడ్డవాళ్ళు గొణుక్కుంటూ మెట్లెక్కారు. సంఘం పెద్ద ఇంట్లో తాళంచెవి పోవడమేమిటని తోకి పెద్దమ్మ అందరికీ వినపడేలా అంది. అమ్మ తాతయ్యని పట్టుకుని ముందు బయల్దేరింది. నేను పూజ అరలోంచి పెద్దల పేర్ల పలకలు తీసి గుడ్డలో చుట్టుకుని బయటికి వచ్చాను. నాన్న కొట్టంలోంచి వస్తూ కనిపించాడు. చేతిలో మేకులు పీకే ఇనప కడ్డీ ఉంది.

"గుళ్ళోనే ఉందాం నాన్నా."

"గుడి చూరు కింద పదిమంది పడతారు. మిగతా వాళ్ళు వానలో నిలబడాలా? తలుపు తీసి పిలుస్తాను. ఎంతసేపు, పది నిమిషాల పని."

"అక్కడికి వద్దు నాన్నా."

"మ్యాపు సంగతి తర్వాత మాట్లాడదాం." ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "మన ఇంట్లో పోయింది తాళంచెవి. మనమే తెరవాలి. తాతయ్యకి మతి తప్పిందని రేపు నలుగురూ నాలుగు రకాలుగా అంటారు, నువ్వు పట్టించుకోకు. మెట్లు జారతాయి. ఆయన చెయ్యి వదలకు."

తాతయ్యే దాచాడు, కావాలనే దాచాడు, ఆ గుమ్మం ముందు రాయి ఉంది నాన్నా. ఈ మూడు ముక్కలూ నాలుక మీద ఉన్నాయి. చెబితే తాతయ్య పరువు మొత్తం ఆ వాకిట్లో పోతుంది. తలుపు గట్టిది, అంత తొందరగా రాదులే, ఈలోగా నేను తాతయ్యని తీసుకొచ్చి ఆయన చేతే చెప్పిస్తాను అనుకున్నాను. గుడి వైపు పరిగెత్తాను.

సగం మెట్ల దగ్గర వాళ్ళని అందుకున్నాను. అమ్మ మూటలతో పైకి వెళ్ళింది, నేను తాతయ్య చెయ్యి పట్టుకున్నాను.

"యసుమాసా ఏడి?" అన్నాడు తాతయ్య.

"నాన్న హాలు తలుపు పగలగొట్టడానికి వెళ్ళాడు."

తాతయ్య మొహంలోంచి ఆ ముసలితనం ఒక్కసారిగా పోయింది. నా చెయ్యి విదిలించుకుని కిందికి తిరిగాడు. కొడుకు పేరు పెట్టి గట్టిగా ఒకసారి పిలిచాడు. ఆ పిలుపు చాలా స్పష్టంగా వినిపించింది. ఎందుకంత స్పష్టంగా వినిపించిందో ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. వాన అలాగే పడుతోంది. వాగు చప్పుడు లేదు.

తాతయ్య రెండు మెట్లు దిగాడు. నేను రెండు చేతులతో లాగి పట్టుకున్నాను. వదలకు అన్నాడు నాన్న. వదల్లేదు.

పచ్చి మట్టి వాసన ముందు వచ్చింది. తర్వాత కొండ వచ్చింది.

ముప్ఫై ఒక్క ఇళ్ళలో పోయింది ఒక్కరే. తాళంచెవి కనపడకపోవడం ఊరి అదృష్టమని, మతిమరుపు వృద్ధుడి వల్ల వందమంది బతికారని పేపర్లో వేశారు. జనం మా వాకిట్లోకి వచ్చి, సంఘం పెద్ద పోయినందుకు తలలు వంచి, తాతయ్యకి దండం పెట్టి వెళ్ళారు. ఆయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. హాలు ఉన్న చోట ఇల్లెత్తు బండలు. ఇత్తడి పలకా, ఆ రాయీ మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. నాన్న మూడో రోజు దొరికాడు.

జూలై ఆఖర్లో వానలు వెళ్ళిపోయాయి. ఎండ ఏమీ ఎరగనట్టు కాసింది. తోకి పెద్దమ్మ వచ్చి, ఉమె కాయలు ఎండబెట్టకపోతే పాడైపోతాయి ఫుసయె అని అమ్మకి గుర్తు చేసి, తట్టలు కడిగి వెళ్ళింది. అమ్మ ఆ రోజు నుంచి జాడీ మూత తీయలేదు. ఇప్పుడు తీసి, వంగి, చాలాసేపు చూసింది.

"బూజు పట్టలేదు," అంది ఆశ్చర్యంగా. "ఒక్క మచ్చ కూడా లేదు."

కాయలు తీసి తట్టల్లో పరవడం మొదలుపెట్టింది. నేను ఆవిడ చేతుల వంకే చూస్తున్నాను. తాతయ్య వసారాలో కూర్చుని తన మోకాళ్ళ వంక చూసుకుంటున్నాడు. అడుగుకి వచ్చాక అమ్మ చెయ్యి ఆగింది. ఎర్రటి ఉప్పునీళ్ళలోంచి తాళంచెవి పైకి తీసింది. పులుపుకి తేటపడిన ఇత్తడి, మచ్చ లేకుండా కొత్తదానిలా ఉంది.

"ఇది ఇందులోకి ఎలా వచ్చింది?"

"నేను వేశానమ్మా," అన్నాడు తాతయ్య. "ఎవరూ అక్కడికి వెళ్ళకూడదని."

అమ్మ నా మొహం చూసింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

అమ్మ తాళంచెవి పక్కన పెట్టి, మిగిలిన కాయలు ఒక్కొక్కటే ఒకదానికొకటి తగలకుండా పరిచింది. నాలుగు తట్టలూ నిండాక చేతులు తుడుచుకుంది.

"ఆయన మొండివాడు కాదు," అంది. "వెళ్ళొద్దు, ఇదీ సంగతి అని మీ ఇద్దర్లో ఎవరు ఒక్క మాట చెప్పినా ఆగిపోయేవాడు."

తాళంచెవిని మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, వంటింటి గోడ మీద ఎప్పటి మేకుకే తగిలించింది. తలుపు లేని ఆ తాళంచెవి ఇక అక్కడే ఉండిపోయింది. తాతయ్య ఇంకా ఆరేళ్ళు బతికాడు. ఆ ఆరేళ్ళూ అమ్మ ఆయనకి ఏ లోటూ చెయ్యలేదు, గట్టిగా మాట్లాడనూ లేదు. అన్నాల వేళకి మాత్రం ఆయన పళ్ళెం మేకుకి ఎదురుగా పెట్టేది. ఆయన పక్కన నాది.